తమ్ముని తిథి

గోడ మీది రాయరి స్వామి పటానికి దండం పెట్టుకొని, ఆదోని స్టేషన్ కాడి సత్రంలో ఇల్లూ వాకిలీ లేనివాళ్ళకు నేనే వడ్డిస్తున్నాను.

"ఎవరి పేరు మీదమ్మా ఈ అన్నం?" అన్నాడు చివర కూర్చున్న గడ్డపాయన.

"మా తమ్మునిదప్పా. మీసాలు రాకముందే ఇల్లు విడిచి పోయినాడు. పన్నెండేండ్లు చూసి, దర్భబొమ్మ చేసి కర్మ చేసినాము."

"మీ అమ్మ ఒప్పుకొనిందా?"

"యాడ ఒప్పుకొనింది? వాడొస్తాడని దినమూ ఒక ముద్ద తీసిపెట్టేది. మొన్న మాఘంలో ఆమె కూడా పోయింది."

ఆయన చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. తర్వాత ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, విస్తరాకు మడిచి లేచినాడు.

"విఠల్‌కు ముట్టిందక్కా" అన్నాడు, నా పక్క చూడకుండా.

మజ్జిగ గిన్నె దించి నేను వీధిలోకి వచ్చేసరికి ఆయన లేడు.

తమ్ముని పేరు నేను చెప్పనే లేదు.