కళ్ళ పరీక్ష

"నా మీద నుంచి పోనిచ్చి, ఆ తర్వాత ఎగురు బావా!"

ప్రొపెల్లరుకు ఎదురుగా మెకానిక్ చేతులు బార్లా చాపి నిలబడ్డాడు. ఆ చిన్న విమానంలో ఎడమ సీటులో బావ, కుడి సీటులో అక్క అప్పటికే బెల్టులు బిగించుకుని ఉన్నారు. రన్‌వే పక్కన స్తంభానికి కట్టిన, గాలివాటం చూపే గాలిసంచి అడ్డంగా లేచి టపటపా కొట్టుకుంటోంది.

బావ చిన్న కిటికీ తెరిచి నవ్వాడు. "పొద్దున్నే ఏం పూనిందిరా నీకు?"

"ఇది పూనింది." మెకానిక్ జేబులోంచి ఒక కాగితం తీసి ఊపాడు. "కళ్ళ డాక్టరు ఉత్తరం. నీ లాగ్‌బుక్కులో దొరికింది. విమానం నడపడానికి పనికిరావని రెండేళ్ళ కిందటే రాసిచ్చాడు. ఏదీ, ఈ కాగితం ఏ రంగో చెప్పు."

"తెలుపు."

"పసుపుపచ్చ!"

"తెలుపే కాస్త మాసిందేమోలే," అన్నాడు బావ.

మెకానిక్‌కు నవ్వు రాలేదు. గబగబా రెక్క మీదికెక్కి కుడివైపు తలుపు తీశాడు. ఆ విమానానికి ఉన్న తలుపు అదొక్కటే. అక్క దిగితేగానీ బావ దిగలేడు.

"అక్కా, దిగు. ఆయన ఖర్మ ఆయనది. నాకున్నది నువ్వొక్కదానివే."

"నేను దిగితే ఈయన ఎగరలేరురా."

"అబ్బ, ఏం ప్రేమలే! రన్‌వే కూడా కనపడని మనిషి పక్కన కూర్చుని చస్తావా?"

"నాకేం భయం లేదు. నువ్వు తప్పుకో."

"భయం లేదూ? నీ కాళ్ళ కింద పెడళ్ళు చూసుకున్నావా? స్కూటరు వెనక కూర్చున్నవాళ్ళు లేని బ్రేకు తొక్కినట్టు తొక్కి తొక్కి రబ్బర్లు అరగదీశావు. తలుపు తీసినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను."

అక్క బూట్ల కాళ్ళు రెండూ సీటు కిందికి ముడుచుకుంది.

"ఇక చాల్లేరా," అని బావ స్టార్టరు కోసం తడుముకున్నాడు. అతడి వేళ్ళు అందుకునేలోపే మెకానిక్ అక్క మీదుగా వంగి తాళంచెవి లాగేసుకున్నాడు.

"విమానాల ఇన్‌స్పెక్టరుగారికి ఫోను చేశాను. వస్తున్నారు."

అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఎంత పని చేశావురా తమ్ముడూ!"

జీపు వచ్చి రెక్క పక్కనే ఆగింది. ఇన్‌స్పెక్టరు మర్యాదస్తుడు. దంపతులను కిందికి దింపి, బావ ఇచ్చిన లైసెన్సును ఇటూ అటూ తిప్పి చూశాడు.

"మెడికల్ సర్టిఫికెట్?"

"లేదండీ."

"ఈ రెండేళ్ళలో ఎన్నిసార్లు ఎగిరారు?"

"వారానికొకసారి."

ఇన్‌స్పెక్టరు కలం ఆగింది. "పోయిన వారం ఇలాంటి పక్కగాలిలోనే మీరు దిగడం టవరు మీంచి చూశాను. ముందు ఒక చక్రం ఆనించి, రెండోదాన్ని పూలబుట్ట దింపినట్టు దింపారు. నావల్ల కూడా కాదు. ఈ కళ్ళతో ఎలా చేశారండీ?"

"అలవాటు," అన్నాడు బావ.

"అదృష్టం అనండి. సరే, తప్పు ఒప్పుకుంటున్నారు కాబట్టి లైసెన్సు రద్దుతో సరిపెడతాను. పోయిన నెల ఒకాయన అసలు లైసెన్సే లేకుండా ఎగిరి దొరికిపోయాడు. మూడేళ్ళ జైలు పడింది, పాపం."

"ఏమండీ..." అని అక్క ఏదో చెప్పబోయింది. బావ ఆమె చేతిని వెతికి పట్టుకున్నాడు.

"నువ్వు ఊరుకో."

ఇన్‌స్పెక్టరు రెక్క మీదే కాగితం పరిచి వాంగ్మూలం రాశాడు. బావ దాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, లాభం లేక అక్కకు అందించాడు. ఆమె మెల్లగా చదివింది.

"గత రెండేళ్ళుగా ఈ విమానాన్ని..."

అక్కడ ఆగి భర్త వైపు చూసింది.

"చదువు," అన్నాడు బావ.

"...నేనొక్కడినే నడిపాను."

బావ సంతకం చేశాడు. అది సగం కాగితం మీద, సగం రెక్క మీద పడింది. అక్క కళ్ళు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు చూసి మెకానిక్ గుండె కలుక్కుమన్నా, అంతకు మించిన నిబ్బరమూ కలిగింది. ఇక ఏ గాలికీ, ఏ వానకూ భయపడనక్కరలేదు.

"తిట్టుకో అక్కా, ఎంతైనా తిట్టుకో. నువ్వు బతికుంటే నాకదే చాలు."

అక్క అతడి వైపు చూడలేదు. "రాయుంది, కాలు ఎత్తి వెయ్యండి," అంటూ భర్త మోచెయ్యి పట్టుకుని జీపు వైపు నడిపించుకుపోయింది.

"లోపల రెండు వైపులా పెడళ్ళకు లాక్ వేసెయ్యవయ్యా, ఏ సీటులోంచైనా నడపొచ్చు దీన్ని," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "సీలు వేయాలి."

మెకానిక్ లోపలికి దూరి, ఈ రెండేళ్ళలో మొదటిసారిగా ఎడమ సీటు దాకా పాకి, బావ కూర్చునే చోట తల వంచాడు. నాలుగు పెడళ్ళకూ కొత్త రబ్బర్లు తానే ఒకే రోజున తెచ్చిచ్చాడు. డాక్టరు ఉత్తరం రాసిన నెలలోనే వాటిని బావ స్వయంగా బిగించుకున్నాడు. ఇప్పుడు అక్క వైపు రెండూ ఇనుము తేలేదాకా అరిగిపోయి ఉన్నాయి.

బావ వైపు రెండింటి మీదా కంపెనీవాళ్ళు అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర చిరగనైనా లేదు.