ఎటు తిప్పితే అటు

తిరుమలేష్‌కి ఒళ్లు మండిపోతోంది.

ఎగ్జిబిషన్ హాలు నడిమధ్యలో ఆర్మీనియా రాజు రాతి విగ్రహం ఉంది. ఒకపక్క తూర్పు రోము చక్రవర్తి గది, ఇంకోపక్క ఖలీఫా గది. వెయ్యేళ్ల కిందట, బతికినన్నాళ్లూ ఆ రెండు సామ్రాజ్యాల మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలిగాడట ఆ రాజు.

"చక్రవర్తి వైపు తిప్పు" అన్నాడు ఫోన్లో, ఎగ్జిబిషన్ పెట్టిస్తున్న ఇద్దరిలో ఒకరైన శశికాంత్ సార్. తిప్పాడు.

"ఎవరు తిప్పమన్నారు? ఖలీఫా వైపు పెట్టు" అంది ఆ వెంటనే ఫోన్ చేసిన రెండో ఆవిడ, మహతి మేడమ్. మళ్లీ తిప్పాడు.

ఊళ్లో బండలు జరిపేటప్పుడు అన్నట్టే, ప్రతిసారీ "ఐలెస్సా" అంటూ విగ్రహం వీపుకి భుజం ఆనించి తోశాడు. ప్రతిసారీ రాయి గర్రుమంటూ తిరిగింది.

మళ్లీ శశికాంత్ సార్ ఫోన్.

"తిప్పి తిప్పి పానం పోతది సార్! మీరిద్దరు ముందు ఒక్క మాట మీదికి రాండి!"

"చెప్పింది చెయ్యి."

ఫోన్ జేబులో కుక్కి, తిరుమలేష్ రాజు మీద విరుచుకుపడ్డాడు. "నీకు నోరు లేదా? ఎటు తిప్పితే అటు తిరుగుడేనా? సిగ్గుండాలె!" అంటూ రాతి చెంప మీద ఒక్కటిచ్చాడు.

ఏసీకి హాలంతా మంచులా ఉంది. ఆ చెంప మాత్రం వెచ్చగా, చెమటతో తడిసి ఉంది.

లైట్లు ఆరిపోయాయి.

చీకట్లో అతని వీపుకి బండలాంటి భుజం ఒకటి ఆనుకుంది.

"ఐలెస్సా" అన్నారెవరో వెనకనుంచి, కోపంతో పళ్లు కొరుకుతూ, కొత్తగా నేర్చుకున్న మాటని కూడబలుక్కుంటున్నట్టు.

తిరుమలేష్ బూట్లు గర్రుమంటూ పక్కకి తిరిగాయి.