మామగారి సీసా

"నాలుక మీద ఒక్కసారి పెట్టి ఇయ్యండి బాబూ, అంతే" అంటూ ముసలాయన ఊదారంగు కాగితం ముక్క ముందుకు చాపాడు.

ఫెర్మిన్ నవ్వాడు. తండ్రి పోయిన తొమ్మిదో రోజు. ప్రార్థన అయిపోయి, వచ్చినవాళ్లకి డబ్బాలోంచి సారా పోస్తున్నాడు.

"ముందు మా ఆవిడ నాలుక మీద పెట్టు. నీ కాగితం కాలిపోద్ది."

అందరూ నవ్వారు. కాఫీ గిన్నెలు తెస్తున్న ఒతీలియా మొగుణ్ణి కొరకొర చూసింది.

ముసలాయన పేరు ఊళ్లో ఎవరూ అడగలేదు. నిమ్మకాయ అని పిలిచేవాళ్లు. నాలుగు నెలల క్రితం బస్సు దిగి, చెరకు తోటల పక్కన గది తీసుకున్నాడు. ఊదా క్యాబేజీ రసంలో కాగితాలు నానబెట్టి, ఎండబెట్టి, ఇంటింటికీ తిరిగి జనం నాలుకల మీద పెట్టేవాడు.

"ఒంట్లో పులుపు పెరిగితే ముందు వెలుతురు మారిపోతుంది. రోగం ఆ తర్వాత వస్తుంది" అనేవాడు.

కాఫీ పులుపన్నాడు. అనాసపండు పులుపన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండ కూడా ఒంట్లోకి దిగి పులుస్తుందన్నాడు. నాలుగు నెలల్లో ఆయన వద్దనని వస్తువు లేదు. ఇక ఆయన మాట ఎవరు వింటారు?

"ఈ డబ్బా ఎక్కడిది?" అడిగాడు నిమ్మకాయ.

"సరిహద్దు అవతల నుంచి. చవగ్గా వచ్చింది."

"కాచింది ఎవరు?"

"నాకేం తెలుసు? నేనేమన్నా పిల్లనిస్తున్నానా, వంశం అడగడానికి?"

"తాగకండి బాబూ."

"చావింటికొచ్చి తాగొద్దంటాడేంటి ఈయన" అంది పక్కింటి రెమీహియా.

"సరే. రేపు వెలుతురు ఎవరికైనా తెల్లగా కనిపిస్తే నాకు కబురు పెట్టండి" అని ఆయన వెళ్లిపోయాడు.

తలా రెండు గుక్కలు తాగి లేచారు. డబ్బా అడుగున మిగిలిందంతా ఫెర్మినే తాగాడు. తొమ్మిదో రోజు మిగిలింది కొడుకే తాగాలి, పారబోయకూడదు. అది వాళ్ల ఆనవాయితీ.

మర్నాడు ఆదివారం. ఫెర్మిన్ బాగా పొద్దెక్కాక లేచాడు.

"ఒతీలియా, ఆ తలుపు మూయవే. బయటంతా సున్నం కొట్టినట్టుంది."

"తాగితే అంతే" అని ఆమె అల్లం కాఫీ ఇచ్చింది.

కాసేపటికి కక్కాడు. తర్వాత పరుగెత్తి వచ్చినవాడిలా రొప్పడం మొదలుపెట్టాడు. ఒతీలియాకి భయం వేసింది.

అప్పుడే నిమ్మకాయ గుమ్మంలోకి వచ్చాడు. ఆయనకి ఎవరూ కబురు పెట్టలేదు. నిన్న తాగినవాళ్ల ఇళ్లన్నీ పొద్దుట్నుంచి తిరుగుతున్నాడు.

ఫెర్మిన్ ముఖం ముందు చెయ్యి ఆడించాడు. ఫెర్మిన్ కనురెప్ప వెయ్యలేదు.

"ఎవరన్నా లారీ కోసం పరుగెత్తండి. పట్నంలో పెద్దాసుపత్రికి పోవాలి. ఈలోపు మంచి రమ్ము గుక్క గుక్క పట్టించాలి. ఉందా?"

ఒతీలియా విన్నది నమ్మలేకపోయింది. "తాగి పడిపోయినవాడికి మళ్లీ తాగించమంటావా?"

"అది వేరు, ఇది వేరమ్మా. మూత తియ్యని సీసా కావాలి. దుకాణంలో దొరుకుద్దా?"

"ఆదివారం. తాళం."

ఆయన కళ్లు గదంతా వెతికి మూలనున్న పీఠం మీద ఆగాయి. తెల్లగుడ్డ పరిచిన పీఠం మీద మామగారి ఫోటో, దాని ముందు మూత తియ్యని రమ్ము సీసా. ఊళ్లో చుట్టాలకి డబ్బా సారా, పోయినాయనకి మాత్రం అసలు సరుకు. సాయంత్రం సమాధి మీద పోసేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

"అది ఇయ్యమ్మా."

"చచ్చినాయన నోటి కాడిదా?"

"ఆయనకింక దాహం లేదు తల్లీ. వీడికి టైము లేదు."

చెప్పడం ఆపి సీసా మీద చెయ్యి వేశాడు. ఒతీలియా చేతికందిన రోకలితో ఆ మణికట్టు మీద కొట్టింది. కేకలకి పరుగెత్తుకొచ్చిన మగవాళ్లు ఆయన్ని చొక్కా పట్టుకుని ఈడ్చి, కంచె అవతల పడేశారు.

గంట తర్వాత చెరకు లారీ ఒకటి వచ్చి ఇంటి ముందు ఆగింది.

"ఎవరో ముసలాయన దారికడ్డంగా పడుకున్నాడు. మీ ఇంటికొస్తానని ఒట్టేస్తే గానీ లెగలేదు" అన్నాడు డ్రైవరు.

ఫెర్మిన్ను లారీ ఎక్కించారు. ఒతీలియా వెళుతూ వెళుతూ సీసాని రెమీహియాకి అప్పగించింది. ఆ సాయంత్రం రెమీహియా దాన్ని ఆఖరి చుక్క దాకా సమాధి మీద పోసింది.

ఫెర్మిన్ బతికాడు. మూడో రోజు కళ్లు తెరిచి, "దీపం పెట్టవే" అన్నాడు. కిటికీలోంచి ఎండ అతని ముఖం మీదే పడుతోంది.

డాక్టరమ్మ ఒతీలియాని బయటికి తీసుకెళ్లింది.

"కల్తీ సారా అమ్మా. అందులో విషం ఒంట్లో పుల్లగా మారి ముందు కళ్లని తింటుంది. మంచి రమ్ము దాన్ని కాసేపు ఆపుతుంది. దారిలో నాలుగు గుక్కలు పడినా చూపు కొంత మిగిలేదేమో. ఎవరూ చెప్పలేదా?"

ఒతీలియా దాచకుండా అంతా చెప్పింది, రోకలి సంగతితో సహా.

"ఊదా కాగితాలాయనేనా?" అంది డాక్టరమ్మ. "కాగితాలు ఉత్తవి. ఎండ పులుస్తుందనేది ఆయన ఊహ. రమ్ము మాట మాత్రం నిజం. ఇలాంటి కేసులు ఇక్కడికి ప్రాణంతో వచ్చాయంటే సగం ఆయన పంపినవే."

"గది ఖాళీ చేసి వెళ్లిపోయాడంట. ఏ ఊరో ఎవరికీ చెప్పలేదు. కాళ్ల మీద పడదామన్నా లేడు" అంది ఒతీలియా. కాసేపు ఏడ్చి అడిగింది. "ఆయన కూడా డాక్టరేనా?"

"కాదమ్మా. పన్నెండేళ్ల కింద కొడుకు పెళ్లికి తన చేత్తో సారా కాచి, తెల్లారి ఆ పెళ్లికొడుకునే ఈ మెట్ల దాకా మోసుకొచ్చిన తండ్రి."