వెనక చక్రం కింద తడి

ముగ్గు తడిసింది.

ఆ సంగతి చూసినవాడు ఒక్కడే. మాసిన లుంగీ, నెరిసిన గడ్డం, మోచేతి దగ్గర వంకరపోయి సాగని ఎడమ చెయ్యి. కారు వెనక్కి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. తడిని వేలికి రాసుకున్నాడు. వాసన చూశాడు.

"ఎవర్రా అది? కారు ముట్టుకోకు," అన్నాడు సత్యారావు.

"బ్రేకాయిలు కారతంది బాబూ."

చోడవరంలో ఆ వీధి వీధంతా సత్యారావు ఇంటి ముందే ఉంది. తండ్రి కొన్న నల్లకారు. నలభై అయిదేళ్ళు పాకలో పడి ఉంటే కోళ్ళు గుడ్లు పెట్టుకున్న కారు. మెకానిక్ గౌరీశంకర్ ఏడాదిపాటు విప్పి, గీకి, రంగేసి అద్దంలా చేశాడు. మధ్యాహ్నం విశాఖ బీచ్‌రోడ్డులో పాతకార్ల ప్రదర్శన. కొత్త సామాను వేస్తే మార్కులు కోసేస్తారని, బ్రేకు పైపులు కూడా పాతవే ఉంచమన్నాడు సత్యారావు.

పూజ అయింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ముందుసీట్లో ఆరేళ్ళ మనవరాలు చిన్నారి కాళ్ళూపుతోంది.

"అది కొబ్బరినీళ్ళు," నవ్వాడు సత్యారావు.

"కొబ్బరికాయ ముందు కొట్టేరు. తడి ఎనక్కెలాగెల్లింది?"

"వీధి అటే వాలు. చాలా, ఇంకేటన్నా ఉందా?"

జనం నవ్వారు.

"ఎడం పక్క ఎనక సెక్రం. అప్పుడూ ఇదే," అన్నాడు ముసలాడు.

ఎప్పుడని ఎవరూ అడగలేదు.

గౌరీశంకర్‌కి ఒళ్ళు మండింది. "ఏడాది సాకిరీ సేసిన నాకు తెల్దా? పొద్దున్నే ఎంత ఏసొచ్చేవేటి? నువ్వేటి, తాతబ్బాయికి తమ్ముడివా?"

మళ్ళీ నవ్వులు. తాతబ్బాయి ఆ ఇంటి పాత డ్రైవరు. తప్పతాగి ఈ కారునే చెరకుతోటలోకి తోలి రాయికి గుద్దాడట. అప్పుడు పక్కసీట్లో ఏడేళ్ళ సత్యారావు. అప్పన్న స్వామి దయవల్ల పిల్లాడికి గీత కూడా పడలేదని తండ్రి చచ్చేదాకా చెప్పేవాడు. డ్రైవర్ని కొట్టి తరిమేశాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఎవరు బండి వంకరగా నడిపినా "తాతబ్బాయిలా తోలకు" అని తిట్టడం అలవాటు.

ముసలాడు నవ్వలేదు.

"నిజమే బాబూ. కలిగినోల కారుకి బ్రేకు పోదు. డ్రైవరే తాగుతాడు."

సత్యారావు మొహం మాడిపోయింది. "గెంటండ్రా ఈణ్ణి."

ఇద్దరు రెక్కలు పట్టుకుని ఈడ్చారు.

"గుంటనైనా ఎనకసీట్లో కూసోబెట్టు బాబూ," అని చిన్నారి వైపు చూస్తూ అరిచాడు ముసలాడు.

"శుభమా అని ఎల్తంటే ఏటా పాడు నోరు," అని సత్యారావు భార్య మంగాయమ్మ మనవరాలికి ఉప్పుతో దిష్టి తీసింది. మొగుడు గేరు వేశాడు.

మూడు నిమ్మకాయలు చితికాయి. వెనక ఎడమ చక్రం కిందది చితకలేదు. జారి, దొర్లి, కాలవలో పడింది.

ఏటి వంతెన ఎక్కారు. దిగుడులో చెరకు ట్రాక్టరు ఒకటి రోడ్డుకి అడ్డంగా తిరుగుతోంది. సత్యారావు బ్రేకు తొక్కాడు. కాలు నేలకి ఆనింది. మళ్ళీ తొక్కాడు. చేతిబ్రేకు గుంజాడు. తీగ తెగింది.

"తాతా, ట్రాక్టరు."

కుడిచెయ్యి స్టీరింగుని చెరకుతోట వైపు తిప్పేసింది. ఎడమచెయ్యి దానంతటదే పక్కకి వెళ్ళి చిన్నారి గుండెలకి అడ్డంపడింది.

గట్టురాయికి గుద్దుకుని ఆగింది కారు.

"రెండు చేతులా స్టీరింగు పట్టుకుని ఉంటే మోచెయ్యి ఇలా విరిగేది కాదు," అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు, ఎక్స్‌రే చూసి. "పాప మాత్రం దక్కేది కాదు. ఎముక అతుకుతుంది గానీ చెయ్యి పూర్తిగా సాగదు. వంకర ఉండిపోతుంది."

"అప్పన్న దయ. గుంటకి గీత కూడా పడలేదు," అంది మంగాయమ్మ.

సత్యారావు విరిగిన ఎడమచెయ్యి వైపు చూసుకున్నాడు. ఆ మాట ఎక్కడ విన్నాడో గుర్తొచ్చింది. ఏడేళ్ళప్పుడు తన గుండెల మీద అడ్డంగా పడ్డ చెయ్యి గుర్తొచ్చింది. దానికి చెమట వాసన తప్ప మరే వాసనా లేదు.

"ఆ ముసలాయన్ని తీసుకురా," అన్నాడు గౌరీశంకర్‌తో.

గౌరీశంకర్ తల దించుకునే ఉన్నాడు. "అప్పుడే బస్సెక్కించి పంపేసేం కదా. ఎక్కడని ఎతికీది? పేరైనా తెల్దు."

పేరు సత్యారావుకి తెలుసు. నలభై ఆరేళ్ళుగా తన ఇంట్లో తిట్టుకింద వాడుకుంటున్న పేరే.