లక్క చిలక

ఒక మనిషి పక్కన నలభై ఆరేళ్లు బతికినంత మాత్రాన, ఆ మనిషి గురించి మాట్లాడే హక్కు వస్తుందా? భీమన్న తనను తాను ప్రశ్నించుకుంటూ ఉండగానే మనవరాలు సత్యశ్రీ వచ్చి, అతని చొక్కా కాలరు సరిచేసి, ఎదురుగా స్టూలు మీద ఫోను నిలబెట్టింది.

“కదలకు తాతా. రేపు సంవత్సరీకానికి వచ్చినవాళ్లందరికీ టీవీలో వేస్తాం. అమ్మమ్మ గురించి నీకు తోచింది చెప్పు.”

దేవుడమ్మ పోయి రేపటికి ఏడాది. నర్సీపట్నంలో ఆ వీధికి ఆ దంపతులంటే గౌరవం. ఆ ఇంట్లోంచి ఎన్నడూ పెద్ద గొంతు వినిపించలేదు. వీధిలో ఎవరికి పెళ్లయినా కొత్త జంటను తీసుకొచ్చి వాళ్లిద్దరికీ దండం పెట్టించేవారు. ఆ దండాలన్నీ భీమన్నకు లెక్కగా గుర్తున్నాయి. సర్వేయరుగా ముప్పై ఏళ్లు ఊళ్ల గట్టు తగవులు తీర్చినవాడికి, తన చుట్టూ తనే హద్దురాళ్లు పాతుకుని మధ్యలో నిలబడ్డట్టుగా ఉండేది, ఒక్కో దండం అందుకున్నప్పుడల్లా.

“ఏటి సెప్పమంటావు?”

“ముందు చిలక సంగతి చెప్పు. అందరికీ ఇష్టం అది.”

కిటికీలో ఏటికొప్పాక లక్క చిలక ఉంది. కూతురు వెంకటదుర్గ చిన్నప్పటి బొమ్మ. పచ్చరంగు నిలిచింది, ముక్కు మీది ఎరుపు వెలిసింది. దేవుడమ్మ ఆ చిలక వంక చూసి చెప్పేది. “కాఫీ సల్లారిపోతంది, బేగి తాగమను.” “ఎండ మండిపోతంది, గొడుగట్టుకెళ్లమను.” ఆ తరం ఆడవాళ్లు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు కనుక అందులో ఎవరికీ వింత కనిపించలేదు. ముచ్చటే కనిపించింది.

అదంతా భీమన్న చెప్పాడు. సత్యశ్రీ నవ్వింది.

“మరి నువ్వేటనేవాడివి?”

“దగ్గేవాణ్ణి. ఒకసారి దగ్గితే సరేనని. రెండుసార్లు దగ్గితే వద్దని.”

“దొంగ తాతవి. మరి చొక్కా గుండీల సంగతో?”

“ఊడితే ఆ చొక్కా కుర్చీ మీద ఏసేవాణ్ణి. సాయంత్రానికి కుట్టేసుండేది.”

“అడక్కుండానే.”

“అడక్కుండానే.”

“మాకూ దొరికారు మొగుళ్లు” అంటూ ఉండగానే ఫోను మోగింది. తెర మీద ఆమె భర్త వాసు పేరు. సత్యశ్రీ కట్ చేసి, ఫోను మళ్లీ నిలబెట్టింది.

“ఎత్తకపోయావా?”

“పెట్టె సర్దుకుని గాజువాక నుంచి వచ్చి ఎనిమిది రోజులు. ఆ రోజు నుంచీ ఎత్తలేదు. ఇప్పుడెందుకూ?”

“అంత మాట ఏటన్నాడమ్మా?”

“చిన్నమాటే. వాళ్లక్క ముందు నా వంటని వెక్కిరించాడు. చిన్నమాట గనకే గొడవ చెయ్యలేదు. అది వదిలెయ్యి. నీకెప్పుడైనా అమ్మమ్మ మీద కోపం వచ్చిందా?”

భీమన్న గోడ మీదున్న దేవుడమ్మ ఫొటో వంక చూశాడు. ఈ ఏడాదిలో ఎన్నిసార్లు ఆ ఫొటో ముందు కూర్చున్నా అతనికి నోరు పెగల్లేదు.

“ఒకసారి. మీ అమ్మ ఐదో తరగతప్పుడు. శివరాత్రికి బలిఘట్టం ఎల్లాం. వరాహ నదిలో స్నానం చేసి వస్తా ఉంటే మాటా మాటా పెరిగింది. జనంలో మీ అమ్మమ్మనొదిలేసి నేను నడిచొచ్చేశాను. తడిబట్టల్తో రిక్షా ఎక్కి ఎనకాల వచ్చింది. మర్నాడు కంచం పెట్టినప్పుడు, తప్పయిపోయిందని సెబుదామనుకున్నాను.”

“చెప్పావా?”

“కంచం పెట్టేసి లోపలికెళ్లిపోయింది.”

“ఇంతకీ ఏ మాట మీద వచ్చింది గొడవ?”

“గుర్తులేదమ్మా. నిజంగా గుర్తులేదు.”

“అంతేనా, ఇన్నేళ్లకీ ఒక్క కోపమా?” సత్యశ్రీ గొంతు మెత్తబడింది. “ఆఖర్న ఆస్పత్రిలో నీతో ఏటి చెప్పింది తాతా?”

“మీ అమ్మతో సెప్పింది. ఆయనకి సల్లన్నం పెట్టొద్దని.”

సత్యశ్రీ కళ్లు తుడుచుకుని ఫోను ఆపింది. కాసేపటికి లేచి కిటికీ దగ్గరకు వెళ్లింది.

“రేపు వాసు వస్తాడు. అమ్మ పిలిచింది. రానీ. వడ్డిస్తాను, మంచినీళ్లిస్తాను, ఒక్క మాట తూలను. నోరు పారేసుకోకుండా కాపురం ఎలా చెయ్యాలో ఈ ఇంట్లోనే చూశాను.”

“ఎన్నాళ్లు?”

“తనే ముందు దిగొచ్చేదాకా.” ఆమె చిలకను చేతిలోకి తీసుకుంది. “ఇది నాకిచ్చెయ్యి తాతా. మా ఇంట్లో పెట్టుకుంటాను.”

ముందు అవతలివాణ్ణి జరగమనండి. ప్రతి గట్టు తగవులోనూ ఇద్దరు రైతులూ భీమన్నతో అన్నది ఆ ఒక్కమాటే. జానెడు నేల కోసం ఇద్దరూ ముసలివాళ్లయిపోవడం అతను కళ్లారా చూశాడు. గొలుసు పట్టి కొలిచి, ఇద్దరికీ నచ్చజెప్పి, రాయి జరిపించి ఇంటికొచ్చేవాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, కంచం ముందు కూర్చునేవాడు.

ఇప్పుడు నోరు విప్పితే రేపు ఈ ఇంటికి పెట్టే దండం ఉండదు. తనకే కాదు, ఫొటోలో ఉన్న మనిషికీ ఉండదు. విప్పకపోతే ఈ చిలక గాజువాక వెళుతుంది.

అతను లేచి వెళ్లి, మనవరాలి చేతిలోంచి చిలకను తీసుకుని జేబులో వేసుకున్నాడు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“ఫోను పెట్టమ్మా.”

“అయిపోయిందిగా. ఇంకేటుంది?”

“ఉంది. రేపు అందరూ వింటారు. ముందు నువ్వు విను.”

ఫోనులో ఎర్రచుక్క వెలిగింది. భీమన్న ఈసారి దగ్గలేదు.

“ఆ శివరాత్రి నుంచీ మేం మాటాడుకోలేదమ్మా.”