ఇరవై దాటని ముల్లు

“ఉపగ్రహంతో వేగం లెక్కగట్టే మీటరే బిగించు. ఖరీదైనా సరే,” అన్నాడు మరపడవ యజమాని.

మెకానిక్ పాత మీటరు ఊడదీసి, నీటి ఒత్తిడితో వేగం చూపించే దాని గొట్టాన్ని తట్టాడు. ఎండిన బురద రాలింది.

“ఇలా పూడుకుపోతే ఎంత వేగంగా పోయినా ముల్లు ఇరవై దాటదమ్మా,” అన్నాడతను, పక్కనే నిలబడ్డ యజమాని భార్యతో.

ఆమె వంగి ఆ గొట్టంలోకి చూసింది. “ఈ పడవను ఇరవైలోనే నడిపానని కోర్టులో మా తమ్ముడు ఎంత మొత్తుకున్నాడు! మితిమీరిన వేగంతో ఎదుటి పడవను గుద్ది ఇద్దర్ని చంపాడని జైల్లో పెట్టారే! ఏవండీ, మీటరు పాడైందని మీకు తెలీదా?”

“నాకేం తెలుసు?”

“అదేంటి సార్, ప్రమాదానికి నెల ముందే చెప్పానుగా? సీజన్ అయ్యాక చూద్దామన్నారు,” అన్నాడు మెకానిక్.

“ముందు ఆ పాతది నీళ్లలో పారెయ్!” యజమాని గొంతు పెంచాడు.

ఆమె చెయ్యి చాపింది.

“ఇటివ్వు. ఈయన చెప్పని సాక్ష్యం అదే చెబుతుంది.”