నాలుగున్నర గంటలు

ఆ పొద్దున మబ్బు కమ్మింది గానీ చినుకు రాలలేదు.

ఏడింటికి రాజ్యశ్రీ చేతిలోంచి చెంబు జారింది. కుడిచెయ్యి లేవలేదు. మూతి ఒక పక్కకు లాగింది.

చర్ల దగ్గరి ఆ ఊళ్లో ఆమె ఆశా కార్యకర్త. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా నాలుగున్నర గంటల్లో పెద్ద దవాఖానాలో ఉండాలని పదేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. మొన్న ఎండాకాలంలో ఆమె మెదడులోనే గడ్డ ఉందని తేలింది.

"ఇది గడ్డ పని కాదు. పక్షవాతం. 108కి ఫోన్ చెయ్యి."

"చేస్తం లే. గంత తొందరేంది?" అన్నాడు భర్త కోటేష్. జామాయిల్ చెట్లు నరకడానికి బయలుదేరినవాడు గొడ్డలి గోడకు ఆనించాడు.

"చెయ్యి పడిపోయింది. కనపడుతలేదా?"

కోటేష్ ఆ చేతిని తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. గూట్లోంచి ఫైలు దించాడు. "గడ్డతోటి చెయ్యి బలం తగ్గుతదని డాక్టర్ ముందే చెప్పిండు గదా. ఇరవై తారీకు స్కాన్ ఉంది. గప్పుడు అడుగుదాం."

"ఇరవై దాకా ఆగితే మంచంలోనే ఉంటా!"

"పట్టిన పట్టు ఇడవదు. చిన్నపిల్లలు నయం," అత్త పున్నమ్మ నవ్వింది.

తొమ్మిదయింది. రాజ్యశ్రీ ఎడమచేత్తో తన మూతి చూపించింది. మళ్లీ మళ్లీ చూపించింది.

"సమజైంది బిడ్డా, సమజైంది. గడ్డకిచ్చిన గోళీలు మింగితే ఆకలి ఎక్కువైతదని డాక్టర్లు చెప్పిండ్రు గదరా," అని కొడుకుతో అంటూ పున్నమ్మ పొయ్యి రాజేసింది.

భద్రాచలం పోయే ఆటో వాకిట్లో హారన్ కొట్టింది.

"అత్తా, నీకు దండం పెడతా. ఆటో ఆపు."

"చింతపండన్నా నాననియ్యవా ఏంది?"

ఆటో వెళ్లిపోయింది. కోటేష్ సైకిలేసుకుని వెళ్లి తాలిపేరు వాగు చేపలు తెచ్చాడు. రాజ్యశ్రీ గడియారం వంక చూస్తూ ఎడమచేత్తో గోడను బాదింది. పదకొండున్నర దాటింది. ఆ తర్వాత బాదలేదు.

పన్నెండింటికి పున్నమ్మ మూడు పళ్లేల్లో అన్నం పెట్టి చేపల పులుసు పోసింది.

"తిను తల్లీ. పొద్దుగాల నుంచి సతాయించినవ్."

కోటేష్ ముద్ద కలిపి ఆమెకు అందించాడు. పెదవి పక్క నుంచి కారితే తువ్వాలుతో తుడిచాడు. ముగ్గురూ తిన్నారు.

ఏడింటి నుంచి రాజ్యశ్రీ ఎన్ని చెప్పబోయినా, నోట్లోంచి బయటికి వచ్చింది ఒక్క మాటే: "పులుసు."